శ్రీరంగరాయపట్నం: దస్తావేజులో మిగిలి నోట నిలవని పేరు

చెన్నపట్నానికి ఇంకొక పేరు ఏమిటని అడిగితే మన విద్యార్థులు తడుముకోకుండా మదరాసు అంటారు. అది కాదు, మరొకటి చెప్పండి అంటే ఊరకుంటారు. వారి తప్పేమీ లేదు. ఆ మూడో పేరును ఈ ఊళ్లో ఎవరూ పలకటం లేదు. మూడున్నర శతాబ్దాలుగా పలికిన జాడ కూడా లేదు. కాని 1645లో, కోట పని మొదలైన అయిదేళ్లకు, విజయనగర సింహాసనం మీద ఉన్న మూడవ శ్రీరంగరాయలు ఇంగ్లీషు కంపెనీ వారికి ఇచ్చిన కౌలులో ఈ ఊరిని పిలిచిన పేరు శ్రీరంగరాయపట్నం. ఊరిని మా పట్నం అని కూడా ఆయన చెప్పుకున్నాడు.

ఈ పేరు వినగానే కొందరికి కావేరీ నది నడుమనున్న కర్ణాటక శ్రీరంగపట్నం గుర్తుకొస్తుంది. దీనికీ దానికీ సంబంధం లేదు. అది రంగనాథస్వామి గుడిని బట్టి వచ్చిన పేరు. ఇది రాజు పేరు. ఈ తేడాతో మనకు ముందు ముందు పని పడుతుంది.

నగర చరిత్రకారులకు ఈ పేరు తెలియనిది కాదు. హెన్రీ డేవిసన్ లవ్ 1913లో అచ్చువేసిన మూడు సంపుటాల పాత మదరాసు చరిత్రలో ఈ కౌలు ఇంగ్లీషు పాఠం ఉన్నది. అంతకుముందు 1902లోనే విలియం ఫాస్టర్ కోట స్థాపన మీద ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం రాశాడు. 1939లో, నగరానికి మూడు వందల ఏళ్లు నిండిన సందర్భంలో, సి.ఎస్. శ్రీనివాసాచారి నగర చరిత్ర వెలువడింది. పేరు దొరకకపోవటం కాదు ఇక్కడ లోటు. దొరికిన పేరును రాజుగారి ఆడంబరంగా లెక్కగట్టి, ఒక వాక్యంతో దాటిపోవటం తరవాతి రచనల్లో ఆనవాయితీ అయింది. రాజు తన పేరు పెట్టుకున్నాడు, అది నిలవలేదు, అంతటితో సరి. ఈ తీరు మాకు సమ్మతం కాదు. నిలవని పేరు కూడా సాక్ష్యమే. అది ఎందుకు పుట్టింది, ఎందుకు నిలవలేదు అని అడిగితే, నిలిచిన రెండు పేర్లను గురించి మనం అనుకుంటున్న విషయాలు కొన్ని మార్చుకోవలసి వస్తుంది.

ముందు కాగితాల సంగతి. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు కంపెనీ వారికి కోట కట్టుకోవటానికీ, వర్తకం చేసుకోవటానికీ అనుమతి ఇచ్చాడు. ఈ వెంకటాద్రి వందవాసి నుంచి ఏలుబడి సాగించినవాడు. తమ్ముడు అయ్యప్ప పూందమల్లిలో ఉండేవాడు. తండ్రి పేరు చెన్నప్ప. అనుమతి తీసుకున్నది ఆర్మగాం వర్తకశాల అధిపతి ఫ్రాన్సిస్ డే. ఆ పత్రం మనకిప్పుడు కంపెనీ దస్త్రాల్లోని ఇంగ్లీషు పాఠంగానే చదువుకోవటానికి దొరుకుతున్నది. అందులో ఊరి పేరు మదరాసుపట్నం. ప్రతుల మీద ఉన్న తేదీ జూలై 22. డే ఇక్కడికి వచ్చింది జూలై 27న అని ఇతర లేఖల వల్ల తేలుతున్నది. మనిషి రాకముందే పత్రం పుట్టే వీలు లేదు గనుక ఆగస్టు 22 అని సవరించుకున్నారు. ఇప్పుడు ఏటా నగర దినోత్సవం జరుపుకొనేది ఆ సవరించిన తేదీనే. ఈ ముచ్చట ఎందుకు చెబుతున్నామంటే, ప్రతి అంటే ప్రతే. నెల పేరు రాసుకోవటంలోనే పొరపాటు పడిన లేఖకుడు ఊరి పేరు రాసుకోవటంలో ఎంత జాగ్రత్తపడ్డాడో మనం ప్రతిసారీ అడుగుతూనే ఉండాలి.

ఈ పత్రం వల్ల ఒక విషయం మాత్రం గట్టిగా తేలుతుంది. మదరాసు అన్నది ఇంగ్లీషువారు పెట్టిన పేరు కాదు. వారు రాకముందే ఈ తీరాన ఆ పేరుతో ఒక ఊరున్నది. పోర్చుగీసు కుటుంబం పేరు నుంచి వచ్చిందనీ, మదరసా నుంచి వచ్చిందనీ, మాదరసన్ అనే బెస్తపెద్ద తన అరటితోట ఇచ్చి తన పేరు నిలుపుకున్నాడనీ కథలు చాలా ఉన్నాయి. కృష్ణగిరి ప్రాంతంలోని పెన్నేశ్వర మఠంలో వెలుగుచూసిన 1367 నాటి విజయనగర శాసనంలో తీరపు రేవుల వరుసలో మాదరసన్‌పట్టణం అనే పేరు ఉన్నది. ఈ శాసనపు పేరు మన ఊరిదే అయిన పక్షంలో, 1498 తరవాత గాని ఈ దేశంలో అడుగుపెట్టని పోర్చుగీసు వారి ప్రసక్తి ఇక అనవసరం. బెస్తపెద్ద కథ కూడా, కనీసం ఆ కథ చెప్పే కాలానికి, చెల్లదు. కథ అబద్ధమైనంత మాత్రాన పారవేయవలసిన పని లేదు. ఊరి పేరు ఇచ్చింది పైనున్న దొరలు కాదు, సముద్రం మీద బతికే తమవాడే అని చెప్పుకోవాలన్న కోరిక అందులో ఉన్నది. అయితే ఆ కోరికకు తేదీ వేయటం వేరు, పేరుకు తేదీ వేయటం వేరు.

రెండో సాక్ష్యం కాగితం కాదు, కావ్యం. దామెర్ల వంశంవాడే అయిన అంకభూపాలుడు ఉషాపరిణయం అనే తెలుగు కావ్యం రాశాడు. అందులో తన వంశాన్ని వర్ణిస్తూ, ప్రళయకావేరికీ మైలాపురికీ నడుమ నిత్యం జరిగే పోరు మాన్పటానికి అయ్యప్ప తన తండ్రి పేర చెన్నపట్నాన్ని కట్టించాడని చెప్పాడు. ఎస్. కృష్ణస్వామి అయ్యంగార్ 1919లో కూర్చిన విజయనగర చరిత్ర ఆధారాల సంకలనంలో ఈ భాగం చేరటం వల్ల చరిత్రకారుల దృష్టికి వచ్చింది. ప్రళయకావేరి అంటే పులికాట్. అక్కడ డచ్చివారు, మైలాపురి పక్కన శాంథోములో పోర్చుగీసువారు. స.వెం. రమేశ్ కథల పుణ్యమా అని ప్రళయకావేరి పేరు నేటి తెలుగు పాఠకుల నోళ్లలో మళ్లీ నానుతున్నది.

మన తెలుగు వ్యాసకర్తలు ఈ కావ్య సాక్ష్యాన్ని ఎత్తుకోగానే మిగిలినవన్నీ దించేస్తారు. మా ఫిర్యాదు అక్కడ. అది వంశకీర్తన. తండ్రి పేరు, కొడుకు ఘనత చెప్పటం దాని పని. ఊరు కట్టిన గౌరవం అయ్యప్పకు ఇచ్చి, అనుమతిపత్రం ఇచ్చిన వెంకటాద్రిని పక్కన పెట్టటంలోనే కవి ఎవరి వైపు నిలబడి చెబుతున్నాడో తెలుస్తున్నది. అలాగని ఇంగ్లీషు చరిత్రకారుల మాదిరిగా దీన్ని కవి కల్పనగా కొట్టివేయటమూ న్యాయం కాదు. రెండు పరాయి కోటల నడుమ మూడో బలాన్ని నిలబెట్టాలన్న ఎత్తుగడ దామెర్లవారిదని ఈ పద్యం చెబుతున్నది. డే లేఖల మీదే ఆధారపడి చదివితే చొరవ అంతా ఇంగ్లీషువారిదే అనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇక మూడోది, మనకు కావలసినది, 1645 కౌలు. సంవత్సరం పార్థివ, మాసం కార్తికం, పక్షం కృష్ణపక్షం. పుచ్చుకున్నవాడు ఏజెంటు తామస్ ఐవీ. మీరు ఆర్మగాం విడిచి మా శ్రీరంగరాయపట్నానికి వచ్చారు, అది మొదట అంతగా పేరులేని చోటు, అక్కడ కోట కట్టుకున్నారు అన్న ధోరణిలో సాగుతుంది. ఇంగ్లీషు గుమాస్తా కలంలో శ్రీరంగ అన్నది 'జెరా రెంగ' వంటి రూపం తాల్చింది. తెలుగు నాలుక ఉన్నవారికి దాన్ని విప్పటం కష్టం కాదు. ఇటువంటి చోట మన విద్యార్థులకు ఉన్న అనుకూలత చిన్నది కాదు. ఇదే దస్త్రాల్లో 'కాసా వెరోనా' అని ఒక వర్తకుడు మాటిమాటికీ వస్తాడు. ఇటలీ దేశస్థుడేమో అనిపిస్తుంది. ఆయన 1680లో చనిపోయిన కాశీ వీరన్న. 'సుంకా రామా' అని ఉన్నవాడు సుంకురామ చెట్టి. పైకి చదివి చూస్తే చాలు. కంటికి అందనిది చెవికి అందుతుంది.

రాజు తన పేరెందుకు పెట్టాడు? ఆడంబరం అనే జవాబు మాకు చాలదు. 1642లో మేనమామో పినతండ్రో అన్న వరస గొడవలు ఎలా ఉన్నా, వెంకటపతిరాయలు గతించి శ్రీరంగరాయలు గద్దెనెక్కాడు. ఆయనకూ దామెర్ల వెంకటాద్రికీ పొసగలేదు. ద్రోహం తలపెట్టాడని వెంకటాద్రిని పట్టుకోవటం, అతని అధికారం మల్లయ్య అనే మరొక వర్తక ప్రభువు చేతికి పోవటం కంపెనీ లేఖల్లోనే కనబడుతుంది. అంటే 1645 నాటికి కంపెనీ చేతిలో ఉన్న పత్రం పలుకుబడి పోయిన నాయకుడు ఇచ్చినది. అందుకే వారు రాజు దగ్గరికి హెన్రీ గ్రీన్‌హిల్‌ను పంపి కొత్త కౌలు తెచ్చుకున్నారు. రాజు వైపు నుంచి చూడండి. తన కింది నాయకుడు తనను అడగకుండానో, అడిగినట్టు చేసో, సముద్రతీరాన పరాయివారికి చోటిచ్చి, దానికి తన తండ్రి పేరు తగిలించాడు. ఆ నాయకుడిని దించినవాడు ఆ పేరును ఎలా ఉండనిస్తాడు? శ్రీరంగరాయపట్నం అన్న పేరు చెన్నపట్నం అన్న పేరును కొట్టివేయటానికి పుట్టింది. ఈ ఊరు దామెర్లవారిది కాదు, నాది అని చెప్పటం దాని ఉద్దేశం. కౌలు ఇంగ్లీషువారికే ఇచ్చినా, ఆ పేరు మాత్రం వందవాసికీ పూందమల్లికీ వినబడాలని పెట్టినది.

ఇంతవరకు మా అభిప్రాయం సబబే అయితే ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. 1645 నాటికి చెన్నపట్నం అనే పేరు అప్పటికే గట్టిపడి ఉండాలి. ఎవరూ పిలవని పేరును కొట్టివేయటానికి ఎవరూ కష్టపడరు. కనుక రాజు పెట్టిన పేరు నాయకుని పేరుకు పరోక్షంగా సాక్ష్యమవుతున్నది. నగర చరిత్రల్లో ఈ సాక్ష్యాన్ని వాడుకోకపోవటం వింతగా ఉంది.

ఆ తరవాత ఏం జరిగిందో అందరికీ తెలిసినదే. 1646-47లో మీర్ జుమ్లా గోలకొండ సేనలతో ఈ ప్రాంతమంతా ఆక్రమించాడు. కంపెనీ కొత్త యజమానిని ఆశ్రయించి తన హక్కులు స్థిరపరచుకున్నది. శ్రీరంగరాయలు కన్నడదేశానికి చేరి, పోయిన రాజ్యం కోసం పాటుపడుతూనే కాలం గడిపాడు. ఊరికి పేరు పెట్టిన రెండేళ్లకే ఊరి మీద అధికారం పోయింది.

అయితే అధికారం పోవటం ఒక్కటే కారణమైతే చెన్నపట్నం పేరు కూడా పోవాలి గదా? దామెర్లవారు అంతకంటే ముందే పోయారు. ఇక్కడే ఆ పేరుకు కలిసివచ్చిన ఒక విషయం ఉన్నది. పాత నల్లపట్నంలో, ఇప్పుడు హైకోర్టు నిలిచిన తావున, చెన్నకేశవస్వామి ఆలయం, చెన్నమల్లికేశ్వరాలయం ఉండేవి. నాగభట్టు 1646లోనూ, కంపెనీకి దుబాసీగా వ్యవహరించిన బేరి తిమ్మన్న 1648లోనూ రాసిన దానపత్రాలు ఈ ఆలయ చరిత్రకు మొదటి ఆధారాలు. ఊరి పేరును బట్టి దేవుడికి చెన్నకేశవుడని పేరొచ్చిందా, దేవుణ్ణి బట్టే ఊరికి చెన్నపట్నమని పేరొచ్చిందా అని పాత వాదం ఒకటి ఉన్నది. చెన్న అంటే అందమైన అని అర్థం. చెన్నకేశవుడు బేలూరులో ఉన్నాడు, మాచర్లలో ఉన్నాడు, మార్కాపురంలో ఉన్నాడు. దామెర్ల చెన్నప్ప పుట్టకముందే ఉన్నాడు. ఈ వాదం తేల్చటం కంటే, అది తేలకపోవటమే ఈ పేరుకు మేలు చేసిందని గమనించటం ముఖ్యం అని మాకు తోస్తున్నది. నాయకుడు పోయినా దేవుడు ఉన్నాడు. చెన్నప్పను మరచినవాడు కూడా ఉదయం చెన్నకేశవుణ్ణి తలచుకొని ఊరి పేరు చెప్పగలిగాడు. శ్రీరంగరాయల పేరులోనూ దేవుడి పేరుంది. కాని కోట చుట్టూ ఉన్న ఆ ఊరిలో ఆ పేరును నిలబెట్టటానికి రంగనాథాలయం ఏదీ లేకపోయింది. పేరులోని 'రాయ' శబ్దం దాన్ని రాజుకే కట్టివేసింది.

హోసపేట సంగతి ఇటువంటిదే. కర్ణాటకలోని మన విద్యార్థులకు ఇది దగ్గరి ఉదాహరణ. కృష్ణదేవరాయలు హంపి పక్కన కట్టించిన కొత్త పట్నానికి తిరుమలదేవి పేరు శాసనాల్లో ఉన్నది. పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాసిన నాగలాపురం ఇదేనని సూయల్ గుర్తించాడు. జనం మాత్రం ఆ రెండింటినీ పక్కన పెట్టి కొత్త పేట అన్నారు, అదే స్థిరపడింది. ఆ పేట ఇప్పుడు అయిదు వందల ఏళ్ల పాతది.

పేరు నిలవటానికి గుడి ఒక్కటే చాలలేదు. నాణెం కూడా తోడైంది. పదిహేడో శతాబ్దం చివర మొగలు చక్రవర్తి పేర కోటలోని టంకశాలలో కంపెనీ కొట్టిన రూపాయల మీద టంకశాల పేరు పారసీ లిపిలో చీనాపట్టన్ అని ఉంటుంది. చీనా అన్న రూపం చూసి చైనా వారికి ముడిపెట్టే ఉత్సాహం విద్యార్థులకు కలగకూడదు. అది చెన్నపట్నాన్ని పారసీ లేఖకుడు రాసుకున్న తీరు. ఇంకో వంద ఏళ్లు దాటాక ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు బయలుదేరింది చెన్నపట్నం నుంచే; ఇంగ్లీషు సుప్రీంకోర్టులో ఉద్యోగం చేసినవాడైనా తెలుగులో రాసేటప్పుడు ఊరి పేరు మార్చలేదు. వావిళ్లవారి పుస్తకాల ముఖపత్రాల మీద చెన్నపురి అని చూడని తెలుగు విద్యార్థి ఉండడు. గుడిలో సంకల్పం, సంతలో రూపాయి, చేతిలో పుస్తకం, ఈ మూడు చోట్లా చెన్నపట్నం ఉన్నది. శ్రీరంగరాయపట్నం ఉన్నది ఒక్క కౌలులో.

పటాలలో వెతికితే? మేము వెతికాము. 1673లో ఇక్కడికి వచ్చిన వైద్యుడు జాన్ ఫ్రయర్ పుస్తకం 1698లో అచ్చయింది. అందులో కోట చిత్రపటం ఉన్నది. గవర్నరు తామస్ పిట్ పేరుతో ప్రసిద్ధమైన 1710 ప్రాంతపు పటంలో నల్లపట్నం, ముత్యాలపేట, పెద్దనాయకపేట వీధులతో సహా ఉన్నాయి. పట్నం కావలికి వంశపారంపర్య హక్కుదారుడైన పెద్దనాయకుడి పేరు ఇంగ్లీషు పటం మీద ఎక్కింది. ఊరినే దానం చేసిన రాజు పేరు ఎక్కలేదు. దీనికి ఆశ్చర్యపడవలసినది లేదు. పటం గీయించినవాడికి రాత్రి కావలి ఎవరిది, ఏ వీధి ఏ కులపువారిది అన్న సంగతులు కావాలి. కుడిచేతి, ఎడమచేతి కులాల తగవులు పిట్ కాలంలోనే ముదిరాయి గనుక ఎల్లలు గీయటం అప్పటి అవసరం. 1645 నాటి రాచరికం 1710 నాటి పటానికి అక్కరకు రాదు.

పటాలు చదివేవారికి ఇక్కడే ఒక హెచ్చరిక చెయ్యాలి. పేరు ఉన్నంత మాత్రాన చోటు ఉన్నట్టు కాదు. పిట్ పటంలోని నల్లపట్నం కోటకు ఉత్తరాన ఆనుకొని ఉన్నది. 1746లో ఫ్రెంచివారు పట్నాన్ని పట్టుకోవటం, 1758-59లో లాలీ ముట్టడి, ఇవన్నీ అయ్యాక కోట ముందు బయలు ఉండాలని ఆ నల్లపట్నాన్ని తుడిచిపెట్టారు. 1757లోనే పడగొట్టిన చెన్నకేశవాలయాన్ని తరవాత కొంత ఉత్తరంగా, ఇప్పటి దేవరాజ మొదలి వీధిలో, మళ్లీ కట్టారు. ఊరు పోయినా నల్లపట్నం అన్న పేరు పోలేదు. అది లేచి ముత్యాలపేట, పెద్దనాయకపేటల మీదికి వెళ్లి కూర్చుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ భాగమే జార్జిటౌను అయింది. 1710 పటం మీదా 1800 పటం మీదా నల్లపట్నం అన్న పదం ఒకటే. నేల ఒకటి కాదు. ఇల్లు కట్టకూడని బయలుకు ఎల్లగా 1773లో ఆరు స్తంభాలు నిలిపితే, ఒకటి ప్యారీ మూల దగ్గర ఇప్పటికీ ఉన్నది. పరిశోధన మొదలుపెట్టేవారు ముందు అక్కడికి వెళ్లి ఒకసారి నిలబడితే మంచిది. దానికి దక్షిణంగా పటంలో ఏ పేరు కనబడినా ఆ పటం ఏ ఏటిదని అడగటం అలవాటవుతుంది.

ఆర్మగాం సంగతి దీనికి తలకిందులు. కంపెనీ 1626లో అక్కడ వర్తకశాల పెట్టింది. 1640 నాటికి విడిచివచ్చింది. ఊరివారికి అది దుగరాజపట్నం. ఆర్మగాం అన్న పేరు మాత్రం సముద్రపటాల్లో నిలిచి, దీపస్తంభానికి దక్కింది. నేల మీద ఎవరికీ అక్కరలేని పేరును నావికులు కాపాడుకున్నారు.

మరి అనువాదంలో పోయిన పేర్ల సంగతి? 1645 కౌలులోనే దీనికి మంచి ఉదాహరణ ఉన్నది. రాజు కంపెనీకి ఇచ్చిన వాటిలో ఒక చిన్న భూమిని ఇంగ్లీషు పాఠం నక్కల నేల అన్న అర్థం వచ్చేటట్టు చెబుతుంది. స్థలం పేరును అనువాదకుడు అనువదించేశాడు. మూలం తెలుగులో ఉండి ఉంటుంది గదా అని మనవాళ్లెవరైనా దాన్ని తిరగవేసి నక్కలదిబ్బ అని రాసుకుంటే ఎంత బాగుంటుంది! అదే ప్రమాదం. కోటకు పడమటనున్న ఆ మిట్టను స్థానికులు తమిళంలో నరిమేడు అన్నారని ఇతర ఆధారాల వల్ల తెలుస్తున్నది. ఇంగ్లీషువారు దాన్నే పందిగుట్ట అని ఇంకొక జంతువుకు అంటగట్టారు. పద్దెనిమిదో శతాబ్దంలో కోటను పెంచేటప్పుడు ఆ మిట్టను తవ్వి మట్టిని పల్లాలు పూడ్చటానికి వాడారు. మిట్టా పోయింది, నక్కలూ పోయాయి, పేరూ పోయింది. కాని ఆ పేరు నరిమేడే, నక్కలదిబ్బ కాదు. నాయకుడు తెలుగువాడు, రాజు దస్తావేజు తెలుగు, వర్తకులు తెలుగువారు, అయినా ఆ మిట్టను నిత్యం చూసేవారు దాన్ని తమిళంలో పిలిచారు. మన ఉత్సాహం ఆ మిట్ట ముందు కొంత తగ్గాలి.

ఈ మాట ఊరికే అనటం లేదు. 1952-53లో మదరాసు మనదే అన్న నినాదం వినిపించిన రోజుల్లో చెన్నపట్నం పేరు ఒక హక్కుపత్రంగా వేదికల మీద చదవబడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం మదరాసు లేకుండానే ఏర్పడింది. ఆ బాధ సహజం. మా పెద్దల్లో దాన్ని చివరివరకు మరవనివారు ఉన్నారు. కాని పరిశోధన వ్యాసాల్లో కూడా ఆ వాదనే చాలాకాలం సాగటం వల్ల కొంత నష్టం జరిగింది. దామెర్ల చెన్నప్ప తెలుగువాడు, కాబట్టి ఊరు తెలుగువారిది అన్న వాక్యంలో మొదటి సగం నిజం. రెండో సగం దానినుంచి రాదు. ఆ లెక్కన శ్రీరంగరాయల కౌలు మరింత బలమైన హక్కుపత్రం కావాలి. అది రాజపత్రం, తెలుగు కవులను పోషించిన వంశపు రాజుది. దాన్ని ఎవరూ వేదిక ఎక్కించలేదు. ఎందుకంటే ఆ పేరుకు జనం లేరు. పేరుకు బలం ఇచ్చేది పెట్టినవాడి భాష కాదని ఆ వేదికల మీద ఉన్నవారికి కూడా లోలోపల తెలుసు. 1996లో తమిళనాడు ప్రభుత్వం మదరాసును తీసివేసి చెన్నై అన్నప్పుడు నిలబెట్టింది దామెర్లవారి పేరునే. తమిళులు ఆ పేరును తమదిగా పలుకుతున్నారు. మూడు వందల ఏళ్లు పలికినవారికి ఆ హక్కు ఉన్నది. మనకూ ఉన్నది. ఒకరి హక్కు తీసివేస్తే గాని రెండోవారిది నిలవదన్న పద్ధతిలో రాసిన వ్యాసాలను మన విద్యార్థులు ఇకమీదట ఉదాహరించవద్దని మా కోరిక.

స్థలనామ పరిశోధనలో కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద చేసిన పని, యార్లగడ్డ బాలగంగాధరరావు నామవిజ్ఞానంలో చేసిన కృషి మనకు దారి చూపాయి. అయితే అవి ప్రధానంగా బతికి ఉన్న పేర్ల మీద నిలిచినవి. తెలుగుదేశం వెలుపల మనకు ఎదురయ్యేవి చాలావరకు చచ్చిన పేర్లు, లేదా ఇంకొక భాష నోట మారిపోయిన పేర్లు. చింతాద్రిపేట అన్నది చిన్న తరిపేట, అంటే చిన్న మగ్గాల పేట అని, 1734లో సుంకురాముని తోటలో నేతగాళ్ల కోసం వెలిసిందని తెలిస్తే గాని దాని మీద వ్యాఖ్యానించలేము. తిరువొత్తియూరు పక్కనున్న కాలడిపేటలో కాలూ లేదు అడుగూ లేదు. 1717 నుంచి 1720 దాకా గవర్నరుగా ఉన్న కాలెట్ ఉన్నాడు. ఒక ఇంగ్లీషు గవర్నరు పేరు తమిళ నోట రూపం మార్చుకొని ఇవాళ్టికీ బతికింది, విజయనగర రాజు పేరు మారకుండా కౌలులోనే ఉండిపోయింది. బొంబాయి విద్యార్థులు కామాఠీపురం పేరు మీద, బరంపురం విద్యార్థులు గంజాం కైఫీయతుల్లోని ఊళ్ల మీద ఇటువంటి పని చేయగలరు. పంపితే ఈ సంచికల్లో చోటు ఇస్తాము.

శ్రీరంగరాయపట్నం విషయంలో ఇంకా చేయవలసినది ఒకటి ఉన్నది. చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో మెకంజీ సేకరించిన కైఫీయతుల్లో వందవాసి, కాళహస్తి, పూందమల్లి ప్రాంతాలవి ఈ ఒక్క పేరు కోసం మళ్లీ చదవాలి. పార్థివ, వ్యయ సంవత్సరాల నాటి దానపత్రాల నకళ్లు ఎక్కడ కనబడినా ఊరి పేరు ఉన్న పంక్తిని ఉన్నది ఉన్నట్టు, అక్షర దోషాలతో సహా, రాసుకోవాలి. దిద్ది రాయవద్దు.